జిడ్డు కృష్ణమూర్తి బాల్యము

మహాపురుషుల జీవితములను వ్రాయువారు సాధారణముగా ఒకే త్రోవను అనుసరింతురు. బాలుడు చిన్ననాటనే కుశాగ్రబుద్ధి యనియు, తరగతిలో ప్రథముడనియు, వీధిదీపము క్రింద కూర్చుండి చదివెననియు, బహుమానములు మూటగట్టుకొని యింటికి వచ్చెననియు చెప్పి, పిమ్మట అతని గొప్పతనమును వర్ణింతురు. ఇట్టి చరిత్రములను చదివి చదివి, ప్రథముడు కానివాడు పనికిరానివాడను భ్రమ మన విద్యార్థులకు కలిగినచో ఆశ్చర్యము లేదు. ఇప్పుడు చెప్పబోవు తెలుగువాడు తరగతిలో కడపటివాడు. దాదాపు ప్రతిదినమును బెత్తపు దెబ్బలు తినినవాడు. విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షకు మూడుమారులు కూర్చుండి మూడుమారులును తప్పినవాడు. అయినను తరువాత అరువది సంవత్సరముల పాటు పలు ఖండముల ప్రజలు అతని మాటలు వినుటకు గుమిగూడిరి.

తప్పినవాడు పిమ్మట గొప్పవాడయ్యెనని ఓదార్చుటకు ఈ కథ చెప్పుట లేదు. అట్టి ఓదార్పు కూడ ఒక విధమైన పందెమే. ఈ బాలుని బాల్యమును ఎవరెవరు, ఎంతెంత మంచి తలంపుతో, ఎట్లు తీసికొనిరో చదువరులకు చూపవలెనని నా కోరిక.

జిడ్డు కృష్ణమూర్తి 1895వ సంవత్సరము మే నెలలో, నాడు కడప మండలమున చేరియుండిన మదనపల్లెలో జన్మించెను. తండ్రి నారాయణయ్యగారు మద్రాసు విశ్వవిద్యాలయ పట్టభద్రులు, రెవిన్యూశాఖలో ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజ సభ్యులు. తల్లి సంజీవమ్మగారు. ఎనిమిదవ సంతానమగుటచేత, దేవకీదేవికి అష్టమగర్భమున పుట్టిన కృష్ణుని పేరే బిడ్డకు పెట్టిరి. ఆ దంపతులకు కలిగిన బిడ్డలలో పలువురు చిన్నతనముననే పోయిరి. కృష్ణునికి మూడేండ్లు చిన్నవాడైన నిత్యానందుడు 1898లో పుట్టెను. ఈ యిద్దరన్నదమ్ములకును ఉన్న అన్యోన్యత ఈ కథలో కడవరకును కనిపించును.

ఆ దినములలో కడప సీమ చలిజ్వరమునకు పుట్టినిల్లు. కృష్ణుడు రెండేండ్ల ప్రాయమున ఆ జ్వరము బారిన పడి చావు తప్పి బ్రదికెను. తరువాత కూడ ఏండ్ల తరబడి ఆ జ్వరము మరల మరల వచ్చుచుండెను; ముక్కు వెంట రక్తము కారుచుండెను. ఇది చాలదన్నట్లు తండ్రికి బదిలీలు: నేడు కడప, రేపు కదిరి. ఇట్టి బాలుడు బడికి పోవుటయే అరుదు. పోయిన దినమున పాఠము ఎక్కడనో సాగిపోయి యుండును. మన ఉపాధ్యాయులకు ఈ సంగతి బాగుగా తెలియును: పది దినములు జ్వరముతో పడుకొని లేచి వచ్చిన పిల్లవానికి లెక్కలయందు అర్థము కానిది తెలివిలేక కాదు, నడుమ ఒక మెట్టు విరిగినందున.

ఇంటిలో ఈ మందబుద్ధి యెట్లుండెనో చూడుడు. ఒకనాడు తండ్రిగారి గడియారమును ముక్కముక్కలుగా విప్పి ముందు పెట్టుకొనెను. దానిని తిరిగి కూర్చువరకు బడికి పోనని, అన్నము కూడ తిననని కూర్చుండి, తుదకు కూర్చియే లేచెను. వాకిట బిచ్చగాండ్రు నిలుచుండగా తలకింత చొప్పున బియ్యము వేయుమని తల్లి పాత్ర యిచ్చి పంపినచో, ఉన్న బియ్యమంతయు మొదటివాని జోలెలో కుమ్మరించి, మిగిలినవారి కొరకు మరల లోపలికి వచ్చి అడుగుచుండెను. బడినుండి ఒక్కొక్కనాడు పలకయు బలపమును లేకుండ వచ్చుచుండెను. తనకంటె పేదవాడగు పిల్లవానికి ఇచ్చివేసినాడని తరువాత తెలియుచుండెను. పురుగులను, చీమలను, మబ్బులను చూచుచు గంటలకొలది కదలక కూర్చుండెడివాడు. పట్టుదల, దయ, నిశితమైన చూపు, ఈ మూడును ఆ బాలునియందు పుష్కలముగా నుండెను. కాని బడి మార్కుల పట్టికలో ఈ మూటికిని గడులు లేవు. ఆనాడును లేవు, ఈనాడును లేవు.

1905వ సంవత్సరాంతమున, కృష్ణునికి పదియేండ్లు నిండిన కొలది మాసములకే, సంజీవమ్మగారు కడపలో మరణించిరి. రోగిష్ఠి బిడ్డను కనిపెట్టుకొని యుండిన దిక్కు పోయినది. మరి రెండేండ్లకు నారాయణయ్యగారు ఉద్యోగము చాలించిరి. నెలకు 112 రూపాయల పింఛను; తల్లిలేని నలుగురు మగపిల్లలు; వారి చదువులు. ఆయన దివ్యజ్ఞాన సమాజమున పని యిప్పింపుమని అనీ బిసెంటమ్మగారికి పలుమారులు వ్రాసికొనిరి. తుదకు అనుగ్రహము లభించి, 1909 జనవరిలో పిల్లలను వెంటబెట్టుకొని మద్రాసు చేరి, అడయారు తోట వెలుపల ఒక శిథిలమైన కుటీరమున కాపురము పెట్టిరి. ఈ తండ్రిని కఠినుడని అనుటకు నాకు నోరు రాదు. పిల్లల చదువు కొరకు ఊరు విడిచిపెట్టిన తండ్రులు మన పల్లెలలో మాత్రము ఎందరు లేరు?

అడయారునుండి మైలాపూరునందలి ఉన్నత పాఠశాలకు మూడుమైళ్లు. కృష్ణుడును నిత్యుడును నిత్యమును నడచి పోయి నడచి వచ్చుచుండిరి. నిత్యుడు చురుకైనవాడు; విన్నది విన్నట్లు పట్టుకొనెడివాడు. కృష్ణుడు పాఠము అప్పజెప్పలేక నిలువబడును, దెబ్బలు పడును, వెలుపలికి పొమ్మందురు. వరండాలో నిలిచి ఏడ్చుచుండగా, లోపల పాఠము సాగిపోవును. ఒకొక్కనాడు ఆ ఉపాధ్యాయుడు అతనిని బయట నిలిపిన సంగతియే మరచిపోయెడివాడట. బడి విడిచిన పిమ్మట తమ్ముడు వచ్చి చేయి పట్టుకొని యింటికి తీసికొని పోయెడివాడు. హాజరు పట్టికలో మాత్రము ఆనాడు కృష్ణుడు హాజరే.

కొట్టినవాడు దుర్మార్గుడని అనుకొనుటకు వీలు లేదు. మొక్కై వంగనిది మ్రానై వంగునా యని మనవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఆ ఉపాధ్యాయునికి ముందరనున్న బెంచీలలో ఇన్ని తలలుండును. సంవత్సరాంతమున వానిలో ఇన్ని గట్టెక్కవలెను. గట్టెక్కదని తోచిన తల అతనికి బరువు. ఆ బరువును వరండాలో దింపెను, అంతే.

ఆ 1909వ సంవత్సరముననే అడయారు సముద్రతీరమున ఆ బాలునికి రెండవ గురువు తటస్థించెను. సి. డబ్ల్యూ. లెడ్‌బీటరు అను ఆంగ్లేయుడు దివ్యజ్ఞాన సమాజములో పెద్దలలో ఒకడు. సాయంకాలము ఈతకు వచ్చిన పిల్లల నడుమ కృష్ణుని చూచి, వీని చుట్టునున్న తేజస్సులో స్వార్థమనునది అణుమాత్రమును లేదనియు, వీడు ముందు గొప్ప బోధకుడగుననియు చెప్పెను. ఆ పిల్లలకు పాఠములయందు తోడ్పడుచుండిన ఎర్నెస్టు వుడ్డు ఈ మాట విని నివ్వెరపోయెను. వాని దృష్టిలో కృష్ణుడు కేవలము మందుడు. ఒకే బాలుని, ఒకే సంవత్సరమున, ఒకరు శుద్ధ మొద్దు అనిరి, మరియొకరు జగద్గురువు అనిరి. ఏమి కావలెనని ఉన్నదని వానిని అడిగినవారు మాత్రము ఇరువైపులను లేరు.

దెబ్బల సంగతి తెలిసి లెడ్‌బీటరు తండ్రితో చెప్పి అన్నదమ్ములను ఆ బడినుండి మాన్పించెను. ఇక్కడితో బాలుని కష్టములు తీరెనని చదువరి సంతోషింపవచ్చును. నిజముగా కొన్ని తీరినవి. మంచి ఆహారము, శుభ్రమైన బట్టలు, ఈత, టెన్నిసు, సైకిలు సవారి లభించినవి. జ్వరము వదలి దేహము పుష్టి కలిగెను. కాని వేకువనుండి రాత్రి వరకు ప్రతి గంటయు ఎవరో ఒకరి చేతిలో నుండెను. ఒక ఘడియ ఇంగ్లీషు, ఒక ఘడియ లెక్కలు, ఒక ఘడియ స్నానవిధి, ఒక ఘడియ ధ్యానము. చుట్టును నలుగురైదుగురు ఉపాధ్యాయులు. ముందు గొరిగించుకొని వెనుక పెంచిన జడ పోయి దొరల క్రాపు వచ్చెను. మబ్బులను చూచుచు నోరు తెరచి నిలువబడు అలవాటు ఆ పిల్లవానికి ఇంకను పోలేదు. ఒకనాడు పాఠము నడుమ నోరు తెరచుకొని యుండగా లెడ్‌బీటరు గడ్డము మీద కొట్టెను. ఆ దెబ్బతో ఆయనకును తనకును నడుమనున్నది ఏదియో తెగిపోయినదని కృష్ణమూర్తిగారు పెద్దవారైన పిమ్మట జ్ఞాపకము చేసికొనిరి. మైలాపూరు దెబ్బలు అన్నియు ఒక ఎత్తు, ఈ ఒక్క దెబ్బ ఒక ఎత్తు. మొదటివి మొద్దువని కొట్టినవి. ఇది గొప్పవాడవు కావలెనని కొట్టినది.

1910 మార్చిలో నారాయణయ్యగారు పిల్లల సంరక్షకత్వమును వ్రాతమూలముగా అనీ బిసెంటమ్మగారికి అప్పగించిరి. 1911లో తూర్పు తార సంఘమను పేర ఒక సంఘము ఏర్పడెను. రాబోవు జగద్గురువునకు దారి సిద్ధపరచుట దాని పని. దానికి అధిపతి పదునైదేండ్ల కృష్ణుడు. పరీక్షలో ప్రథమ శ్రేణి రావలెనని బిడ్డను ఒత్తిడి చేయు తల్లిదండ్రులను చూచియున్నాము. లోకము నుద్ధరింపవలెనని ఒత్తిడి చేయబడిన బాలుని ఇచ్చట చూచుచున్నాము. బరువులు వేరు, వీపు ఒక్కటే. ఆ సంవత్సరముననే అన్నదమ్ములను ఇంగ్లండునకు తీసికొని పోయిరి.

అప్పుడు తండ్రికి మనసు కలతపడెను. లెడ్‌బీటరు సాంగత్యము పిల్లలకు మంచిది కాదని ఆయన అభిప్రాయము. పిల్లలను తిరిగి యిమ్మని 1912లో బిసెంటమ్మగారిపై వ్యాజ్యము వేసిరి. 1913లో తీర్పు తండ్రి పక్షమున వచ్చెను. అప్పీలులో కూడ అదియే నిలిచెను. బిసెంటమ్మగారు లండనులోని ప్రివీ కౌన్సిలుకు పోయిరి. 1914 మే నెలలో అచ్చటి న్యాయాధిపతులు క్రింది తీర్పులను కొట్టివేసిరి. వారు చెప్పిన కారణములలో ఒకటి ఈ కథకు ప్రాణము వంటిది: ఇంత వ్యాజ్యము నడచినను ఆ బాలురు ఏమి కోరుచున్నారో ఎవరును విచారింపలేదట!

పదునాలుగేండ్ల ప్రాయమున బడి మాన్పించిరి. పదునైదవ యేట సంఘాధిపతిని చేసిరి. పదునారవ యేట సముద్రము దాటించిరి. పదునేడవ యేట కోర్టుకెక్కించిరి. వాని ఇష్టమును విచారింపలేదను సంగతి న్యాయస్థానమునకు తోచునప్పటికి కృష్ణునికి 19 ఏండ్లు నిండెను. ఇక విచారించుటకు బాలుడే లేడు.

ఇంగ్లండులో మరల పరీక్షల పర్వము మొదలయ్యెను. జగద్గురువునకు ఆక్సుఫర్డు పట్టము ఉండవలెనని బిసెంటమ్మగారి సంకల్పము. వ్యాజ్యపు వార్తలు పత్రికలకెక్కినందున ఆ విశ్వవిద్యాలయము తలుపు తీయలేదు, కేంబ్రిడ్జియు అంతే. లండను విశ్వవిద్యాలయ మెట్రిక్యులేషను మిగిలెను. ఏండ్ల తరబడి ప్రైవేటు ఉపాధ్యాయులను పెట్టి చదివించిరి. 1918లో పరీక్షకు కూర్చుండి తప్పెను. అదే సంవత్సరము మరల కూర్చుండి మరల తప్పెను. 1920లో మూడవసారి కూడ గట్టెక్కలేదు. గణితము, లాటిను అతనికి కొరుకుడు పడలేదు. నిత్యుడు మాత్రము మెట్రిక్యులేషనును దాటి, న్యాయశాస్త్ర పరీక్షలను కూడ పూర్తిచేసెను. తమ్ముడు గెలిచినందుకు అన్నకు అసూయ కలుగలేదు. ఇది చిన్న సంగతి కాదు; ఒకే యింట ఇద్దరు చదువుకొనుచున్నచో ఒకనిని చూపి మరియొకని దెప్పుట మన యిండ్లలో నిత్యకృత్యము కదా.

ఈ యేండ్లలో అతడు పోగొట్టుకొనినది మరియొకటి కలదు. సంజీవమ్మగారు జోలపాడిన తెలుగు నాలుకనుండి జారిపోయెను. పెద్దవారైన పిమ్మట కృష్ణమూర్తిగారు మదనపల్లెకు వచ్చినను ఇంగ్లీషులోనే మాట్లాడవలసి వచ్చెను. ఇంగ్లీషు, ఫ్రెంచి, ఇటాలియను భాషలు వచ్చిన ఆ తెలుగు బిడ్డకు తెలుగు రాదు. మార్కుల పట్టికలలో ఇట్టి నష్టమును వ్రాయు గడియును లేదు.

చదువరులు మన్నింతురేని కథను ఒక క్షణము ఆపి మన ఊరి మాట చెప్పెదను. కాజీపేట విజయవాడ మార్గమున బోనకల్ స్టేషను చిన్నదియే. జూను మాసమున ఆ ప్లాటుఫారము మీద నిలిచి చూడుడు. ఇనుప ట్రంకు పెట్టె, చుట్టిన పరుపు, సంచిలో అరిసెలు, ప్రక్కన పదవ తరగతి దాటిన పిల్లవాడు. ఖమ్మమో విజయవాడయో హైదరాబాదో, ఎక్కడనో ఒక వసతిగృహమున రెండేండ్లు. మిరపచేను మీదనో ప్రత్తి మీదనో తెచ్చిన అప్పు వాని రుసుము. ఎంసెట్ అని పిలువబడి 2024 నుండి ఈఏపీసెట్ అయిన ప్రవేశపరీక్ష ఒకటి, ఐఐటీ పరీక్ష ఒకటి, వైద్యవిద్య పరీక్ష ఒకటి. వానిలో ఒకదానికి ఆ పిల్లవానిని నిర్ణయించియుందురు. తెల్లవారకముందు లేపుదురు, రాత్రి పొద్దుపోయిన దాక చదివింతురు, వారము వారము పరీక్ష, మార్కులను బట్టి విభాగములు. ఈత మరచును, చెట్టెక్కుట మరచును. భద్రాచలము అడవి అంచు గూడెములనుండి వచ్చిన పిల్లవానికి పది రకముల పిట్టల కూతలు తెలిసియుండును. అవి యెవరికి కావలెను? తల్లిదండ్రులది క్రౌర్యము కాదు. తాము పడిన పాట్లు బిడ్డలు పడరాదను ప్రేమయే. నారాయణయ్యగారిదియు ప్రేమయే.

ఆ ప్రేమకు ఒక్కొక్కప్పుడు ఎంత మూల్యము చెల్లవలసి వచ్చునో 2019లో మన రాష్ట్రము చూచినది. ఆ ఏప్రిలులో ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడగా మూడు లక్షలకు పైగా విద్యార్థులు తప్పిరి. మార్కుల లెక్కలో ఘోరమైన పొరపాట్లు బయటపడెను. ఒక బాలికకు తెలుగులో 99 మార్కులకు బదులు సున్న పడెను. తప్పినవారందరి పత్రములను ఉచితముగా మరల పరిశీలింప ప్రభుత్వము ఉత్తరువు చేసెను. కాని ఆలోగా ఇరువదిమందికి పైగా బిడ్డలు ప్రాణములు తీసికొని యుండిరి. పత్రమును మరల దిద్దవచ్చును. ఆ బిడ్డలు తిరిగి రారు. మైలాపూరు వరండాలో నిలిచిన బాలునికి సాయంకాలము చేయి పట్టుకొని తీసికొనిపోవుటకు ఒక తమ్ముడుండెను. ఈ బిడ్డలలో ఎందరికి ఆ ఫలితముల దినమున అట్టి చేయి దొరికెనో.

కథకు మరలుదము. నిత్యానందుడు క్షయరోగము పాలయ్యెను. అతని ఆరోగ్యము కొరకు 1922లో అన్నదమ్ములు కాలిఫోర్నియాలోని ఓహై లోయకు చేరిరి. అతడు బ్రదుకునని, బ్రదికి తీరవలెనని, లోకకార్యమునకు అతడు అవసరమని సంఘపు పెద్దలు అభయమిచ్చుచు వచ్చిరి. 1925 నవంబరు 13వ తేదీన నిత్యుడు ఓహైలో మరణించెను. అన్న అప్పుడు భారతదేశమునకు వచ్చు ఓడలో, సూయజు ప్రాంతమున నుండెను. తంతి అందినప్పుడు అతడు పడిన దుఃఖమును ప్రక్కనున్నవారు వ్రాసి యుంచిరి. దానిని ఇచ్చట వర్ణింపను. పెద్దల అభయములపై నమ్మకము ఆ ఓడలోనే మునిగెననుట చాలును.

నాలుగేండ్లు గడచినవి. 1929 ఆగస్టు 3వ తేదీన హాలెండు దేశమునందలి ఓమెన్ శిబిరమున, మూడువేల మందికి పైగా సభ్యులును బిసెంటమ్మగారును వినుచుండగా, కృష్ణమూర్తిగారు తార సంఘమును తామే రద్దుచేసిరి. సత్యమునకు బాట లేదనియు, ఏ సంఘమును మనుష్యుని దానియొద్దకు చేర్చలేదనియు, తమకు శిష్యులు వలదనియు ఆ ప్రసంగ సారాంశము. కానుకగా వచ్చిన కోటను, భూములను ఇచ్చినవారికి తిరిగి యిచ్చివేసిరి. అప్పటికి ఆయన వయసు 34. తత్త్వవేత్తలు ఈ ఘట్టమునకు పెక్కు భాష్యములు చెప్పుదురు. ఒక బడిపంతులుగా నాకు తోచునది వేరు. తనకై ఇతరులు వ్రాసిపెట్టిన భవిష్యత్తును ఆ పిల్లవాడు పదునెనిమిదేండ్ల తరువాత మర్యాదగా తిరిగి అప్పగించెను.

ఇక పాఠశాలల సంగతి. సంఘమును రద్దుచేయుటకు మూడునాలుగేండ్ల ముందే, మదనపల్లెకు పదిమైళ్ల దూరమున, తెట్టు గ్రామ సమీపమున ఋషికొండ క్రింద ఒక బీడు లోయలో మహావటవృక్షము నొకదానిని చూచి ఆ చోటు విద్యాలయమునకు తగునని నిశ్చయించిరి. భూములు సేకరించిరి. కొన్నేండ్లకు మద్రాసునందలి గిండీ పాఠశాలను అచ్చటికి తరలించిరి. అదియే ఋషివ్యాలీ పాఠశాల. వారణాసిలోని రాజఘాటు విద్యాలయము, తరువాతి కాలమున ఇంగ్లండులోని బ్రాక్‌వుడ్ పార్కు, ఓహైలోని ఓక్ గ్రోవు, మద్రాసు, బెంగుళూరు పాఠశాలలు ఆ కోవలోనివే. విద్యను గూర్చిన ఆయన గ్రంథము 1953లో వెలువడెను.

ఆయన చెప్పినది నా మాటలలో చెప్పెదను. ఒక బిడ్డను మరియొక బిడ్డతో పోల్చినంతనే భయము పుట్టును. భయము పుట్టిన చోట బుద్ధి మొద్దువారును. అనగా మందబుద్ధి కొంతవరకు బెత్తము పుట్టించిన వస్తువే. బహుమానమును శిక్షయు ఒకే నాణెమునకు రెండు ముఖములు. అట్లని చదువు వలదనలేదు. విచ్చలవిడితనము స్వేచ్ఛ యనలేదు. గణితము నేర్పుడు, బాగుగా నేర్పుడు. కాని చెట్టును చూచుట, మాటను వినుట, తన కోపమును తాను గమనించుట కూడ నేర్పుడనిరి. ఋషివ్యాలీలో సాయంకాలము పిల్లలు ఒక గుట్టపై కూర్చుండి సూర్యుడు అస్తమించువరకు మౌనముగా చూచుట ఒక వాడుక. దానికి అస్తాచలమని పేరు. నోరు తెరచి మబ్బులను చూచిన పిల్లవాని అపరాధము అచ్చట దినచర్య అయినది!

నిజము దాచనేల? ఆ పాఠశాలలోను పదవ తరగతికి, పండ్రెండవ తరగతికి పబ్లికు పరీక్షలు తప్పవు. పిల్లల భవిష్యత్తేమని అడుగు తల్లిదండ్రులు అచ్చటను కలరు. వసతిగృహపు వ్యయము మన ప్రాంతపు రైతుకు అందుబాటులోనిది కాదు. భయములేని చదువు డబ్బుగలవారికేనా యను ప్రశ్న న్యాయమైనదే. దానికి కొంత సమాధానము ఆ లోయనుండియే వచ్చెను. 1980ల చివరి భాగమున చుట్టుపట్ల పల్లెల రైతుల, గొర్రెల కాపరుల పిల్లల కొరకు ఋషివ్యాలీవారు చిన్న బడులు తెరచిరి. ఒక్క ఉపాధ్యాయుడు, పలు తరగతులు. పాఠములను చిన్న చిన్న అట్టలుగా విడదీసి, మెట్ల వరుసగా అమర్చి, ప్రతి బిడ్డయు తన మెట్టునుండి తన వేగమున ఎక్కునట్లు చేసిరి. జ్వరముతో పది దినములు రాని పిల్లవాడు వచ్చిన దినమున తాను విడిచిన అట్టతోనే మొదలుపెట్టును. తరగతి వానిని విడిచి ముందుకు పోదు. 2003లో చెన్నై నగరపాలక పాఠశాలలు ఆ పద్ధతిని ఆధారముగా గైకొనెను. తరువాత అది తమిళనాడు ప్రాథమిక పాఠశాలలన్నిటికిని వ్యాపించెను. మైలాపూరు కూడ ఆ నగరములోనిదే.

కృష్ణమూర్తిగారు స్వదేశమునకు వచ్చినప్పుడెల్ల శీతకాలమున ఋషివ్యాలీలో కొన్ని వారములుండి పిల్లలతో కూర్చుండెడివారు. తొంబదియేండ్ల వయసున, 1985 డిసెంబరులో కూడ వచ్చిరి. అప్పటికే దేహము క్షీణించెను. అచ్చటినుండి మద్రాసు చేరి, 1986 జనవరి మొదటి దినములలో తమ కడపటి బహిరంగోపన్యాసము లిచ్చిరి. ఓహైకు విమానమెక్కవలసిన నాటి సాయంకాలము కొందరు మిత్రులతో అడయారు సముద్రతీరమునకు నడచిపోయిరి. డెబ్బదియేడేండ్ల క్రిందట తమ్ముని వెంటబెట్టుకొని ఈతకు వచ్చిన చోటు అది. కొంతసేపు సముద్రమును చూచి నిలిచి, వెనుకకు మరలిరి. 1986 ఫిబ్రవరి 17వ తేదీన, నిత్యుడు పోయిన ఆ ఓహై లోయలోనే కన్నుమూసిరి.